ఆ మెరుపు మెరవక ముందే...

ఎక్లాంప్సియా. గర్భిణులున్న ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు డాక్టర్ల నోట వినపడే మాట. మన పెద్దవాళ్లు దీన్నే ‘గుర్రపు వాతం’ అంటారు. వినటానికి నోరు తిరగనట్టున్న ఈ ఇంగ్లిషు మాటకు అసలు అర్థం ‘మెరుపు’. ఆ పేరు ఎలా వచ్చింది? దాని ముందు ‘ప్రీ’ అనే చిన్న ముక్కను ఎందుకు చేర్చాల్సి వచ్చింది? ఈ సంగతి తెలిస్తే పత్తి తీతలకూ మిరప కోతలకూ వెళ్లే గర్భిణిని పెద్ద ప్రమాదం నుంచి కాపాడుకోవచ్చు.

ఇరవై ఏళ్ల అమ్మాయిని ఫిట్స్‌తో క్యాజువాలిటీకి తీసుకొస్తే మేం వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది. ‘‘అమ్మాయి ఒట్టిమనిషేనా? ఎన్నో నెల? లేకపోతే కాన్పయి ఎన్నాళ్లయింది?’’ వెంట వచ్చినవాళ్లు ఒక్కోసారి విసుక్కుంటారు కూడా. ‘‘ఫిట్స్ వచ్చి పడిపోయిందండీ, ముందు అది చూడండి’’ అంటారు. కానీ ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి మేం వాడే మందే మారిపోతుంది. గర్భిణికి గానీ బాలింతకు గానీ ఫిట్స్ వస్తే, మరో కారణం ఉందని తేలేవరకూ, దాన్ని ఎక్లాంప్సియాగానే భావించి చికిత్స మొదలుపెట్టాలన్నది వైద్యంలో గట్టి నియమం.

లాంతరుకు చుట్టం

ఎక్లాంప్సియా గ్రీకు నుంచి వచ్చిన మాట. ‘ఎక్’ అంటే బయటికి. ‘లాంపైన్’ అంటే వెలగటం. రెండూ కలిస్తే ఒక్కసారిగా వెలుగు చిమ్మటం, అంటే మెరవటం. ఇంగ్లిషులోని ల్యాంప్ కూడా ఈ మూలం నుంచి పుట్టిందే. కరెంటు పోయినప్పుడు మన ఇళ్లలో వెలిగించుకున్న లాంతరు కూడా ఐరోపా భాషల మీదుగా మనకు చేరిన ఈ కుటుంబపు మాటే. అంటే ఎక్లాంప్సియా, లాంతరు దూరపు చుట్టాలన్నమాట.

వెలుగుకూ ఫిట్స్‌కూ ఏమిటి సంబంధం? దీనికి రెండు రకాలుగా అర్థం చెబుతారు. నిర్మలంగా ఉన్న ఆకాశంలో మెరుపు మెరిసినట్టు, అప్పటిదాకా బాగానే ఉన్న మనిషి ఉన్నట్టుండి కొయ్యబారిపోయి కొట్టుకోవటం ఒకటి. ఫిట్స్‌కు ముందు కొందరికి కళ్ల ముందు మెరుపులు, చుక్కలు కనిపించటం రెండోది. ఏ అర్థం తీసుకున్నా రోగిలో బయటికి కనిపించినదాన్ని బట్టి పెట్టిన పేరే ఇది. ఫ్రాన్సుకు చెందిన వరాండియస్ అనే వైద్యుడు 1619లో స్త్రీల వ్యాధులపై వచ్చిన తన గ్రంథంలో ఈ మాట వాడాడని వైద్య చరిత్రకారులు చెబుతారు. 18వ శతాబ్దంలో అదే దేశానికి చెందిన బోయిసియే ద సోవాజ్ మరో అడుగు ముందుకేసి, ఏళ్ల తరబడి ఉండే మూర్ఛ వేరు, ఇలా హఠాత్తుగా వచ్చే ఫిట్స్ వేరు అని విడదీశాడు.

మన పేరు చూడండి. గుర్రపు వాతం. ఆయుర్వేదం ప్రకారం శరీరంలో కదలికలన్నిటికీ వాతమే మూలం. కాళ్లూ చేతులూ అదుపు తప్పి కొట్టుకుంటే అది వాతం పనేనని మనవాళ్లు అనుకున్నారు. గుర్రం అనగానే ఆ ఊపూ ఆ విసురూ కళ్లకు కడతాయి. గ్రీకువాళ్లకు మెరుపు కనిపించింది, మనకు గుర్రం కనిపించింది. రెండు పేర్లూ చెప్పేది ఫిట్స్ గురించే. అవి రాబోయే ముందు ఒంట్లో ఏం జరుగుతుందో రెండూ చెప్పవు. తల్లుల ప్రాణాల మీదికి వచ్చింది ఇక్కడే.

విషమన్నారు... విషం దొరకలేదు

ఫిట్స్‌కు ముందే ఆచూకీ దొరుకుతుందని మొదట గట్టిగా చూపించినవారిలో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్ ఒకరు. 1843లో ఆయన ఫిట్స్ వచ్చిన గర్భిణుల మూత్రాన్ని వేడిచేసి చూశారు. కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే ఎలా గడ్డకడుతుందో, చాలామంది మూత్రంలో అలాంటి తెల్లని పదార్థం కనిపించింది. అది ఆల్బుమిన్ అనే ప్రొటీన్. కాన్పయ్యాక కొద్దిరోజుల్లో అది తగ్గిపోవటమూ కనిపించింది. అంటే ఈ ఫిట్స్ తలలో మొదలైన జబ్బు కాదు, గర్భంతో ముడిపడి ఒళ్లంతా పాకినది.

ఆ తర్వాత ఈ జబ్బుకు ఇంకో పేరు వచ్చింది. టాక్సీమియా. అంటే రక్తంలో విషం. ఈ మాటకూ గమ్మత్తయిన పుట్టుక ఉంది. గ్రీకులో ‘టాక్సాన్’ అంటే విల్లు. బాణాల మొనలకు పూసే విషాన్ని ఆ పేరుతో పిలవటంతో, పోనుపోను ప్రతి విషమూ టాక్సిక్ అయింది. గర్భిణి రక్తంలో ఏదో విషం చేరుతోందని వైద్యులు దశాబ్దాల పాటు వెతికారు. అనుకున్న విషం దొరకలేదు. పేరు మాత్రం పుస్తకాల్లో చాలాకాలం నిలిచిపోయింది. మన పాత కేసు షీట్లలోనూ అదే రాసేవారు. పెద్ద వయసు నర్సమ్మలు కొందరు ఇప్పటికీ ‘‘టాక్సీమియా కేసండీ’’ అంటారు.

మరి బీపీ సంగతి? ఇటలీ వైద్యుడు రివా-రోచీ చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే పరికరాన్ని 1896లో ప్రకటించారు. అది పై అంకెను మాత్రమే తేలిగ్గా చెప్పేది. రష్యా వైద్యుడు కొరోట్కాఫ్ 1905లో స్టెతస్కోపుతో శబ్దాలు వింటూ కింది అంకెను కూడా కనుక్కునే పద్ధతి చెప్పారు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ ఇక్కడ ఆసుపత్రి తెరిచింది 1898లో. అంటే మన ప్రాంతపు స్త్రీలకు ఆసుపత్రి తలుపులు తెరుచుకునే నాటికి, ఇవాళ ప్రతి ఏఎన్ఎం సంచిలో ఉండే బీపీ పరికరం వయసు రెండేళ్లు. 140/90 అని రెండు అంకెలూ రాసే రోజులు ఇంకా రాలేదు. మెరుపు మెరిశాక చూడటమే తప్ప, మబ్బు పట్టటాన్ని కొలిచే సాధనం ఆనాటి వైద్యులకు లేదు. మనకు ఉంది.

కిటుకంతా ఆ ‘ప్రీ’లోనే

బీపీ, మూత్రపరీక్ష రెండూ చేతికి వచ్చాక వైద్యులకు ఒక విషయం స్పష్టమైంది. ఎక్లాంప్సియా ఎక్కువమందిలో చెప్పాపెట్టకుండా రాదు. దానికి ముందు రోజుల తరబడి, కొందరిలో వారాల తరబడి ఒంట్లో మార్పులు జరుగుతుంటాయి. ఆ దశకు పెట్టిన పేరే ప్రీ-ఎక్లాంప్సియా. ‘ప్రీ’ అంటే ముందు. మెరుపుకు ముందు దశ అన్నమాట. డాక్టర్ మీ కార్డు మీద ఈ మాట రాస్తే ‘ఇంకా జబ్బు రాలేదులే’ అనుకోకండి. జబ్బు వచ్చింది, ఫిట్స్ మాత్రం ఇంకా రాలేదు అని దాని అర్థం.

మూలం మాయలో ఉంది. బిడ్డకు ఆహారం, ఆక్సిజన్ అందించేది మాయే. గర్భం తొలి నెలల్లో తల్లి గర్భసంచిలోని రక్తనాళాలు మాయకు సరిపడా రక్తం ఇచ్చేలా వెడల్పు కావాలి. కొందరిలో ఇది సరిగా జరగదు. రక్తం చాలని మాయ నుంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి విడుదలై, ఒంట్లోని రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తాయి. అప్పుడు నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. కిడ్నీల నుంచి ప్రొటీన్ కారిపోతుంది. కాలేయం దెబ్బతింటుంది, రక్తం గడ్డకట్టటానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. మెదడు ఉబ్బితే ఫిట్స్ వస్తాయి. బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది. అందుకే ఈ జబ్బుకు అసలైన విరుగుడు కాన్పు చేసి మాయను బయటికి తీయటం. అప్పటిదాకా మందులతో నెట్టుకొస్తూ, తల్లికీ బిడ్డకూ ఏది మంచి సమయమో చూసుకోవటమే డాక్టర్ల పని.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు ఇవీ: ఐదో నెల నిండాక (20 వారాల తర్వాత) బీపీ పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ చేరితే జాగ్రత్త పడాలి. నాలుగు గంటలు ఆగి మళ్లీ చూసినా అంతే ఉండి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే లేదా కాలేయం, కిడ్నీ, మెదడు వంటివి దెబ్బతిన్న సూచనలుంటే అది ప్రీ-ఎక్లాంప్సియా. 160/110 చేరితే ఇక ఇంట్లో ఉండే సమస్య కాదు, వెంటనే ఆసుపత్రిలో చేరాలి. ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో దాదాపు 2 నుంచి 8 శాతం మందికి ఇది వస్తుంది. కొద్దిమందిలో మాత్రం ముందు బీపీ పెరిగిన దాఖలా లేకుండానే ఫిట్స్ రావచ్చు. అందువల్ల అంకెలతో పాటు లక్షణాలనూ గమనించాలి.

మన చేలల్లో ప్రతి లక్షణానికీ ఒక సాకు

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం నల్లరేగడి పల్లెల్లో ఈ జబ్బు చేజారటానికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది. దీని హెచ్చరికలన్నిటికీ ఇక్కడ చేతికందేంత దూరంలో మరో కారణం దొరుకుతుంది.

తలనొప్పి: మాఘం దాటితే మిరప చేలో ఎండ సుర్రుమంటుంది. తల పగిలిపోతోందంటే ‘‘ఎండకేలే, ముసుగు సరిగా కట్టుకో’’ అంటారు. ఎండ తలనొప్పి నీడన కూర్చుని నీళ్లు తాగితే సర్దుకుంటుంది. తగ్గకుండా పట్టి ఉన్న తలనొప్పి, మాత్ర వేసుకున్నా లొంగని తలనొప్పి బీపీది కావచ్చు.

చూపు మసకబారటం: కల్లంలో కాయలు ఎగబోసేటప్పుడు, తాలు కాయలు ఏరేటప్పుడు, తొడిమలు తీసేటప్పుడు ఘాటుకు కళ్లు మండటం మామూలే. కానీ ఘాటుకు కళ్ల నుంచి నీళ్లు కారతాయి, మంట పుడుతుంది. కళ్ల ముందు మెరుపులు, చుక్కలు కనిపించవు. ఒకటి రెండుగా కనపడదు. ఇలా జరిగితే అది మెదడు నుంచి వస్తున్న కబురు. ఎక్లాంప్సియా పేరులో ఉన్న మెరుపు ఇదే.

పొట్ట పైభాగంలో నొప్పి: డొక్కల కింద, ముఖ్యంగా కుడివైపు నొప్పి, వాంతులు వస్తే ‘‘కారం ఎక్కువ తిన్నావు, గ్యాసు’’ అని సోడా తాగిస్తారు. ఏడో నెల తర్వాత కొత్తగా మొదలైన ఈ నొప్పి కాలేయం వాయటం వల్ల కావచ్చు.

వాపు: పొద్దస్తమానం వంగీ నిలబడీ చేసే పని కాబట్టి కాళ్లకు నీరు పడుతుంది. పడుకుని లేస్తే తగ్గే పాదాల వాపు చాలామంది గర్భిణులకు మామూలే. కానీ పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బటం, చేతి గాజులు, ఉంగరం బిగుతవటం, వారంలోనే బరువు బాగా పెరగటం మామూలు కాదు.

వీటికి తోడు మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా ఆలస్యం చేయకూడదు. ఈ లక్షణాలు ఉన్నంత మాత్రాన ప్రీ-ఎక్లాంప్సియా అని కాదు. నిజంగా అది ఎండే కావచ్చు, కారమే కావచ్చు. తేల్చేది మాత్రం మేస్త్రీ మాటా కాదు, పక్క సాలులో ఉన్న అక్క మాటా కాదు. ఐదు నిమిషాల్లో చూసే బీపీ, ఒక మూత్రపు స్ట్రిప్పు తేలుస్తాయి.

ఎవరికి ముప్పు ఎక్కువ?

తొలి కాన్పు వాళ్లకు ఎక్కువ. మరీ చిన్న వయసులో గర్భం దాల్చినవాళ్లు, 35 దాటినవాళ్లు, బరువు ఎక్కువ ఉన్నవాళ్లు, కవల పిల్లలను మోస్తున్నవాళ్లు, ముందే బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కిందటి కాన్పులో ఇదే సమస్య వచ్చినవాళ్లు, అమ్మకో అక్కకో ఇది వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు మరింత అప్రమత్తంగా ఉండాలి.

ఇలాంటివారిలో కొందరికి డాక్టర్లు మూడు నెలలు నిండాక, వీలైనంతవరకూ 16 వారాల లోపే, తక్కువ మోతాదు యాస్పిరిన్ మొదలుపెడతారు. ఇది ప్రీ-ఎక్లాంప్సియా ముప్పును తగ్గిస్తుంది. అయితే ఎవరికివ్వాలో, ఎంత ఇవ్వాలో డాక్టరే నిర్ణయించాలి. ఇక ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే క్యాల్షియం మాత్రలు ఎముకల కోసమే అనుకుంటారు చాలామంది. పాలూ పెరుగూ అంతగా తినని గర్భిణుల్లో క్యాల్షియం ఈ జబ్బు ముప్పునూ తగ్గిస్తుంది. నాలుగో నెల నుంచి రోజుకు రెండు, 500 మి.గ్రా. చొప్పున వేసుకోవాలి. ఐరన్ మాత్రతో కలిపి ఒకేసారి మింగొద్దు, ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఐరన్‌కూ క్యాల్షియానికీ నడుమ కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి.

గర్భానికి ముందే బీపీ మాత్రలు వాడుతున్నవాళ్లు నెల తప్పిందని తెలిసిన వెంటనే డాక్టర్‌కు చెప్పండి. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి బిడ్డకు హాని చేస్తాయి. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటివి గర్భంలో వాడదగినవి. మందు మార్పించుకోండి. మీ అంతట మీరు మానేయకండి.

కూలి పోతుందని చెకప్ మానొద్దు

పత్తి తీతలు, మిరప కోతలు నడిచే నెలల్లో ఒక్క రోజు పని మానితే ఇంటి లెక్క తప్పుతుంది. అది నాకు తెలియనిది కాదు. పైగా కోతలకు ఊళ్లు దాటి ముఠాలుగా వచ్చేవాళ్లు ఉంటారు. పశ్చిమ ప్రకాశం నుంచీ కర్నూలు వైపు నుంచీ వచ్చి చేల గట్ల మీద గుడారాల్లో ఉండే కుటుంబాలు ఎన్నో. ఆ గర్భిణి పేరు సొంతూరి ఏఎన్ఎం రిజిస్టరులో ఉంటుంది, మనిషి ఇక్కడ ఉంటుంది. ఐదో నెల నుంచి తొమ్మిదో నెల దాకా, అంటే సరిగ్గా బీపీ చూడాల్సిన కాలమంతా, ఆమె ఎవరి లెక్కలోనూ ఉండదు.

పుట్టింటికి వెళ్లే ఆడపిల్లల విషయమూ ఇలాంటిదే. ఏడో నెలలో సారె పెట్టి పంపుతాం. గాజులు, చీరలు, చలిమిడి అన్నీ గుర్తుంటాయి. బీపీ రాసి ఉన్న తల్లీబిడ్డల కార్డు మాత్రం అత్తగారింటి బీరువాలో ఉండిపోతుంది. మొదటి మూడు నెలల్లో 100/60 ఉన్న అమ్మాయికి ఎనిమిదో నెలలో 136/88 వస్తే, పాత అంకె తెలిసిన డాక్టర్ కంగారుపడతాడు. తెలియనివాడు ‘ఫర్వాలేదు’ అనుకునే ప్రమాదం ఉంది. సారెతో పాటు కార్డునూ సంచిలో పెట్టండి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా పరీక్షిస్తారు. 2016 నుంచి ఇది నడుస్తోంది. ఆ రోజు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లొచ్చు. ముఠా మేస్త్రీలకు, రైతులకు ఒక విన్నపం. మీ చేలో గర్భిణి ఉంటే ఆ ఒక్క పూట ఆమె కూలి కోయకండి. స్థానిక ఆశా కార్యకర్తకు ఒక్క మాట చెప్పండి. 108కి కబురు పెట్టాల్సిన రోజు రాకుండా చూసుకోవటం మీకూ మేలే.

బీపీ చూపించుకునే ముందు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోండి. ఆటో దిగి పరుగున వచ్చి చేయి చాపితే అంకె పెరిగి కనిపించవచ్చు. వీపుకు ఆనిక ఉండాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి. ఎంత వచ్చిందో అడిగి తెలుసుకోండి. ‘‘బాగానే ఉంది’’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా అంకెను కార్డులో రాయించుకోండి.

ఫిట్స్ వచ్చేస్తే...

గర్భిణి ఉన్నట్టుండి పడిపోయి కొట్టుకుంటుంటే ఊళ్లో తలా ఒక మాట అంటారు. గాలి సోకిందని కొందరు, వడదెబ్బని కొందరు, పురుగుమందు వాసన తగిలిందని కొందరు. పురుగుమందు అనుమానం మన దగ్గర కొట్టిపారేయదగింది కాదు. మందు ఒంటికి పట్టినా ఫిట్స్ రావచ్చు. నోటి నుంచి చొంగ కారటం, విపరీతమైన చెమట, కంటిపాప సూదిమొనంత చిన్నదవటం దాని సూచనలు. చేలో మందు కొట్టి ఉంటే ఆ సంగతి, దొరికితే డబ్బా పేరూ డాక్టర్‌కు చెప్పండి. ఏదో తేల్చుకునే పని మాత్రం మీరు పెట్టుకోవద్దు. ముందు ఇవి చేయండి:

* వెంటనే 108కి ఫోన్ చేయండి. గర్భిణి అనీ, ఎన్నో నెల అనీ మొదటే చెప్పండి.

* ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లోని నురగ ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉంటుంది, బిడ్డకు రక్తం అందుతుంది.

* పక్కన రాళ్లు, కొడవలి, బిందెల వంటివి తీసేయండి. తల కింద మెత్తటి బట్ట పెట్టండి.

* నోట్లో చెంచా, గుడ్డ, వేళ్లు పెట్టొద్దు. నీళ్లు పోయొద్దు. చేతిలో తాళాలు పెట్టటం వల్ల ఒరిగేదేమీ లేదు.

* కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దు. సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో కొట్టుకోవటం ఆగుతుంది. ఆగింది కదా అని ఇంటికి తీసుకెళ్లొద్దు. మళ్లీ వస్తుంది.

* కార్డు వెంట తీసుకెళ్లండి.

పత్తికి కొట్టే ఉప్పే, ప్రాణం నిలిపే మందు

పత్తి రైతులకు మెగ్నీషియం సల్ఫేట్ కొత్త పేరు కాదు. ఆకులు ఎర్రబడితే లీటరు నీటికి 10 గ్రాములు కలిపి పిచికారీ చేస్తారు. ఎక్లాంప్సియాకు మేమిచ్చే మందూ ఆ లవణమే! ఇంజెక్షన్‌కు తగ్గట్టు శుద్ధి చేసి, గాజు ఆంప్యూల్స్‌లో నింపినది. ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ అనే ఊళ్లో చేదు నీటి ఊట నుంచి దీన్ని మొదట తీశారు కాబట్టి ఎప్సమ్ సాల్ట్ అన్న పేరు వచ్చింది. ఒకప్పుడు విరేచనం కావటానికి తాగించేవాళ్లు.

ఫిట్స్‌కు ఇంతకంటే ఖరీదైన మందులు ఎన్నో ఉన్నాయి. మరి ఈ చవక ఉప్పే ఎందుకు? 1995లో వచ్చిన అంతర్జాతీయ పరిశోధన ఒకటి ఈ చర్చను ముగించింది. మన దేశంతో సహా తొమ్మిది దేశాల్లో 1,687 మంది స్త్రీలు అందులో పాల్గొన్నారు. ఫిట్స్ మళ్లీ రాకుండా ఆపటంలో డయాజెపామ్, ఫెనిటోయిన్ రెండిటి కంటే మెగ్నీషియమే బాగా పనిచేస్తుందని తేలింది. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా ప్రీ-ఎక్లాంప్సియా ఉన్నవాళ్లపై మరో పరిశోధన జరిగింది. ముందుగానే మెగ్నీషియం ఇస్తే ఫిట్స్ వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని అది చూపించింది.

అందుకే తొలి మోతాదును దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలోనే రెండు పిరుదులకూ ఇంజెక్షన్‌గా ఇచ్చి, ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపాలన్నది పద్ధతి. శిక్షణ పొందిన ఏఎన్ఎం కూడా ఈ మొదటి మోతాదు ఇవ్వొచ్చు. ‘‘ఇక్కడెందుకు ఆలస్యం, నేరుగా గుంటూరు పోదాం, ఒంగోలు పోదాం’’ అని వాళ్లతో వాదనకు దిగకండి. ఆ రెండు ఇంజెక్షన్లు దారిలో ఆమెకు కాపలా. ఆసుపత్రిలో చేరాక మోకాలి కదలిక, శ్వాస, మూత్రం ఎంత వస్తోంది అన్నవి గంట గంటకూ చూస్తూ మిగతా మోతాదులు ఇస్తాం. కాబట్టి ఇది ఇంట్లో వాడే మందు కాదు. పొలం సంచిలోది మనిషికి వాడే ప్రశ్నే లేదు.

కాన్పయ్యాకా కన్నేసి ఉంచాలి

మాయ బయటికి వచ్చేసింది, ఇక భయం లేదనుకోవటం మరో పొరపాటు. ఎక్లాంప్సియా కాన్పు తర్వాత కూడా రావచ్చు. మొదటి రెండు రోజుల్లో ఎక్కువ, కొందరికి వారాల తర్వాత కూడా వస్తుంది. పైగా మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే బాలింత ఇంటికి చేరుతుంది. తల నొప్పిగా ఉందంటే ‘‘చలిగాలి తగిలింది’’ అని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, గది తలుపు మూస్తారు. దూది పెట్టుకుంటే పెట్టుకోండి, బీపీ మాత్రం చూపించండి. ఇచ్చిన మాత్రలు డాక్టర్ ఆపమనేదాకా వాడండి. పాలిచ్చే తల్లులు వాడదగిన మాత్రలే ఇస్తాం.

గర్భంలో ఈ సమస్య వచ్చినవాళ్లకు తర్వాతి జీవితంలో బీపీ, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఇతరుల కంటే ఎక్కువ. ఆరు వారాల తర్వాత బీపీ మామూలుకు వచ్చినా, ఏడాదికోసారి చూపించుకోవాలి. నలభై ఏళ్లకు గుండె నొప్పితో నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లను నేను కాన్పుల సంగతి కూడా అడుగుతాను. ‘‘అప్పుడు గుర్రపు వాతం వచ్చిందండీ’’ అన్న ఒక్క మాట నాకు ఎంతో చెబుతుంది. మీరూ ఆ సంగతి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా చెప్పండి.

అపోహలు - నిజాలు

అపోహ: ఉప్పు పూర్తిగా మానేస్తే గుర్రపు వాతం రాదు.
నిజం: ఉప్పు మానేసినంత మాత్రాన ప్రీ-ఎక్లాంప్సియా ఆగదు. ఊరగాయలు, అప్పడాలు మితంగా తినటం మంచిదే. చప్పిడి తిండి పెట్టి గర్భిణిని నీరసపరచొద్దు.

అపోహ: నీళ్లు తక్కువ తాగితే వాపు తగ్గుతుంది.
నిజం: తగ్గదు. ఎండలో పనిచేసే గర్భిణికి నీళ్లు తగ్గిస్తే కొత్త ప్రమాదం.

అపోహ: మిరపకాయ కారం వల్లే బీపీ వస్తుంది.
నిజం: కారం కడుపులో మంట పుట్టించవచ్చు. ప్రీ-ఎక్లాంప్సియాకు మూలం మాయలో ఉంది.

అపోహ: ఒకసారి ఫిట్స్ వస్తే జీవితాంతం మూర్ఛ మందులు వాడాలి.
నిజం: ఎక్లాంప్సియా వేరు, మూర్ఛ వేరు. చాలామందికి కాన్పయ్యాక ఫిట్స్ మందుల అవసరమే ఉండదు.

అపోహ: ఒంట్లో బాగానే ఉంది కదా, బీపీ ఎందుకు?
నిజం: బీపీ 150 ఉన్నా ఏమీ తెలియకుండా పనిచేసుకునేవాళ్లు ఉంటారు. బాగున్నప్పుడే చూపించుకోవాలి.

మీ ఇంట్లో ఐదో నెల దాటిన గర్భిణి ఉంటే ఈ రోజే ఆమె కార్డు తీసి చూడండి. చివరిసారి బీపీ ఎప్పుడు రాశారు? ఎంత రాశారు? నెల దాటినా, ఆ గడి ఖాళీగా ఉన్నా రేపటి పని ముందు అదే కావాలి. కార్డులోని రెండు అంకెలు పై అర్థం కాకపోతే ఆశా కార్యకర్తను అడగండి. ఆ అంకెలు చదవటం అత్తకూ, భర్తకూ, అమ్మకూ కూడా వచ్చి ఉండాలి.